కిరసనాయిలు కోటా: కొన్ని జ్ఞాపకాలు, కొన్ని లెక్కలు

సంఘం కార్యదర్శిగారు ఈ వార్షికోత్సవ ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం రాసివ్వమని అడిగినప్పుడు, "రాజుల సంగతులూ యుద్ధాల సంగతులూ నాకేం తెలుసండీ, నేను గుమాస్తాని" అన్నాను. "35 ఏళ్లు మీరు చేసిన పని గురించి రాయండి, అదే చరిత్ర" అన్నారాయన. ఆలోచిస్తే నిజమేననిపించింది. 1972లో తాలూకా ఆఫీసులో ఎల్.డి.సి.గా చేరి, 2007లో 58 ఏళ్లు నిండి పదవీ విరమణ చేసేదాకా, నా సర్వీసులో సగానికి పైగా సప్లయిస్ సీటులోనే గడిచింది. అందులోనూ కిరసనాయిలు లెక్కలే ఎక్కువ. బియ్యం, పంచదార గురించి అందరూ రాస్తారు. కిరసనాయిలు గురించి రాసేవారు తక్కువ. అది ఇప్పుడు మన ఇళ్లలోంచి మాయమైంది కనుక మన మనవలకు దాని వాసన కూడా తెలియదు. కాబట్టి నాకు తెలిసిన నాలుగు ముక్కలు రాస్తాను.

సబ్సిడీ అనే మాట ఇవాళ అందరి నోటా వినిపిస్తుంది. దానికి నా అర్థం చిన్నది. ఒక సరుకు అసలు ధర ఒకటి, మన చేతికి వచ్చే ధర ఇంకొకటి. ఆ మధ్య తేడా ఎవరో ఒకరు కట్టాలి. ఎవరు కడుతున్నారు, ఆ తేడా చివరికి ఎవరి జేబులోకి వెళుతున్నది? ఈ రెండు ప్రశ్నలే ఈ వ్యాసమంతా.

అమ్మ చెప్పిన మాట

నేను పుట్టింది స్వాతంత్ర్యం వచ్చిన తర్వాత. కాని కిరసనాయిలు కరువు గురించి మా అమ్మ చెప్పగా విన్నాను. యుద్ధానికి ముందు మన కోస్తా ఊళ్లకు వచ్చే కిరసనాయిలు చాలావరకు బర్మా బావుల నుంచి వచ్చేదట. మన గోదావరి, విశాఖ జిల్లాల వాళ్లు కూలికీ నాలికీ కాకినాడలోనో విశాఖపట్నంలోనో ఓడ ఎక్కి రంగూను వెళ్లేవారు. 1942 మార్చిలో జపాను వాళ్లు రంగూను పట్టుకున్నారు. ఏప్రిల్ 6న కాకినాడ, విశాఖపట్నాల మీద బాంబులు పడ్డాయి. అటు మనుషులు నడిచి తిరిగొచ్చారు, ఇటు నూనె రావడం ఆగింది. ఆ రోజుల్లో మళ్లీ ఆముదం దీపాలు వెలిగించుకున్నామనీ, పురుడొచ్చిన ఇంటికి మాత్రం ఊళ్లో వాళ్లు తలా ఒక బుడ్డెడు కిరసనాయిలు పోసిచ్చేవారనీ అమ్మ చెప్పేది.

అంటే కిరసనాయిలును కొలిచి పంచుకోవడం అనే అలవాటు మా ఆఫీసులు కనిపెట్టింది కాదు. ఊళ్లో అమ్మలు ముందే చేశారు. మేము దానికి రిజిస్టరు పెట్టామంతే.

ఉమ్మడి ఖాతా

1973 అక్టోబరులో అరబ్బులకూ ఇజ్రాయెలుకూ యుద్ధం వచ్చింది. పీపా 3 డాలర్ల దరిదాపుల్లో ఉన్న ముడిచమురు, 1974 జనవరికి 12 డాలర్ల దాకా ఎగబాకింది. ఆ నవంబరులో పెట్రోలు ధర పెంచినందుకు నిరసనగా వాజ్‌పేయిగారు ఎద్దుబండి మీద పార్లమెంటుకు వెళ్లిన ఫొటో పేపర్లలో వచ్చింది. మా ఆఫీసులో దాన్ని గోడకు అంటించిన కుర్రవాడికి మెమో కూడా వచ్చింది.

ఆ తర్వాత కొద్ది ఏళ్లలోనే విదేశీ చమురు కంపెనీలు ప్రభుత్వం చేతికి వచ్చాయి. 1974లో ఎస్సో, 1976లో బర్మా షెల్, కాల్టెక్స్. మన విశాఖపట్నంలోని చమురుశుద్ధి కర్మాగారం అంతకుముందు కాల్టెక్స్ వారిదే. తర్వాత అది హిందుస్తాన్ పెట్రోలియంలో కలిసింది. ఆ దశాబ్దంలోనే ధరలన్నీ ప్రభుత్వమే నిర్ణయించే పద్ధతి స్థిరపడింది.

ఆ పద్ధతికి మూలం ఆయిల్ పూల్ ఖాతా. దీన్ని మన ఉమ్మడి కుటుంబంతో పోల్చి చెప్తే సులువుగా అర్థమవుతుంది. సంపాదించే అన్న జీతంలోంచి తమ్ముడి చదువుకూ చెల్లెలి పురిటికీ పెద్దాయన సర్దినట్టుగా, పెట్రోలు, విమానాల ఇంధనం వంటి వాటి మీద ఎక్కువ వసూలు చేసి, ఆ సొమ్ముతో కిరసనాయిలు, వంటగ్యాస్, చాలాకాలం డీజిలు కూడా చవకగా ఇచ్చేవారు. కారున్నవాడు కడితే బుడ్డి వెలిగించుకునేవాడికి మేలు. ఆలోచన మంచిదే. ఇప్పటికీ నేను దాన్ని తప్పుపట్టను. కాని ఉమ్మడి కుటుంబాల్లో ఏం జరుగుతుందో మనందరికీ తెలుసు. 1990లో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించాక చమురు ధర పెరిగింది. ఆపై రూపాయి విలువ తగ్గింది. 1990ల నడిమికి ఖాతా వేల కోట్ల లోటులో పడింది.

కిరసనాయిలు రోజు

ఇక మా సీటు సంగతి. రాష్ట్రానికి ఇంత అని కేంద్రం కేటాయిస్తుంది. రాష్ట్రం జిల్లాకు, జిల్లా తాలూకాకు, 1985 తర్వాత మండలానికి. అక్కడి నుంచి హోల్‌సేల్ డీలరు, ఆయన దగ్గర నుంచి చౌకధరల దుకాణం. ప్రతి మెట్టు దగ్గర ఒక కాగితం, ఒక సంతకం, ఒక రిజిస్టరు. కార్డుకు ఎన్ని లీటర్లు అన్నది ఊరుకీ పట్నానికీ వేరు, గ్యాస్ ఉన్నవారికీ లేనివారికీ వేరు.

కిరసనాయిలు వచ్చిన రోజు ఊరంతా తెలిసిపోయేది. పొద్దున్నే దుకాణం ముందు మనుషులకు బదులు డబ్బాలు, సీసాలు, గరాటులు వరసలో నిలబడేవి. డబ్బా పెట్టి మనిషి కూలికి పోయినా వరస చెడేది కాదు. పీపాకు పంపు బిగించి డీలరు కొలత డబ్బాతో పోస్తుంటే, నురగ దిగేదాకా ఆగమని ఆడవాళ్లు దెబ్బలాడేవారు. నురగతో కొలిస్తే లీటరుకు ఎంత తగ్గుతుందో మా చెకింగ్ ఇన్‌స్పెక్టర్లకంటే వాళ్లకే బాగా తెలుసు. వత్తుల స్టవ్వు మీద కాఫీ, పంపు స్టవ్వు మీద అన్నం, పరీక్షల రోజుల్లో పిల్లలకు లాంతరు. ఇవన్నీ ఆ నాలుగైదు లీటర్లలోనే సరిపెట్టుకోవాలి.

1990ల నడిమిలో రేషన్ కిరసనాయిలు లీటరు 3 రూపాయల చుట్టుపక్కల ఉండేది. డీజిలు అంతకు రెట్టింపు దాటి ఉండేది. ఈ రెండూ దగ్గరి చుట్టాలు. డీజిల్లో కిరసనాయిలు కలిపినా లారీ కదులుతుంది, కాకపోతే ఇంజను త్వరగా పాడవుతుంది. గుర్తుపట్టడానికి రేషన్ నూనెకు నీలం రంగు కలిపేవారు. ఆ రంగును విరగ్గొట్టే విద్యలు కూడా బయలుదేరాయి. ఒకే సరుకుకు రెండు ధరలు ఉన్నచోట మధ్యలో మూడో మనిషి పుడతాడు. వాడికి కార్డు ఉండదు, రిజిస్టర్లో పేరు ఉండదు. కాని అందరికంటే ఎక్కువ కోటా వాడిదే.

1993లో కేంద్రం కిరసనాయిలు వాడకం మీద ప్రత్యేక ఉత్తర్వు తెచ్చింది. రేషన్ నూనె వంటకూ వెలుగుకూ తప్ప ఇంకొకందుకు వాడరాదు. పట్టుబడితే 1955 నాటి నిత్యావసర సరుకుల చట్టం కింద మాకు అలవాటైన 6-ఎ కేసు. ఆ ఫైళ్లు నేనే కుట్టేవాణ్ణి. పట్టుబడిన సరుకు జాబితాలు చూస్తే, సైకిలు మీద రెండు డబ్బాలు కట్టుకుపోయేవాడి పేరే ఎక్కువసార్లు కనిపించేది. ట్యాంకరు పేరు ఎప్పుడో గాని కనిపించేది కాదు.

వరదలో పంచిన నూనె

ఇప్పుడు చెప్పబోయేది ఇన్నేళ్లుగా ఇంట్లో తప్ప ఎక్కడా చెప్పలేదు. 1986 ఆగస్టులో వచ్చిన గోదావరి వరద మన జిల్లావారెవరూ మరచిపోలేదు. లంక గ్రామాలు మునిగిపోయాయి. జనం గట్ల మీద, బడుల్లో తలదాచుకున్నారు. మేమంతా రాత్రింబవళ్లు సహాయ కార్యక్రమాల్లో ఉన్నాం.

మరుసటి నెల దుకాణాల రిజిస్టర్లు నా బల్ల మీదకు వచ్చాయి. మూడు లంక గ్రామాల లెక్క తీశాను. ఆగస్టు 17, 18 తేదీల్లో కిరసనాయిలు పూర్తిగా పంపిణీ అయినట్టు రాసి ఉంది. ప్రతి కార్డు ఎదుట వేలిముద్ర. నిల్వ నిల్. ఆ తేదీల్లో ఆ దుకాణాల కప్పులు కూడా నీళ్ల మీద కనిపించలేదు. పడవలో వెళ్లి అన్నం పొట్లాలు పంచిన జట్టులో నేనూ ఉన్నాను.

రెండు పేజీల నోటు రాసి ఫైలు పైకి పెట్టాను. నాలుగు రోజులకు తిరిగొచ్చింది. మార్జినులో ఒకే ఒక్క మాట: "మాట్లాడండి." మనలో పనిచేసినవారికి ఆ మాట అర్థం తెలుసు. వెళ్లి మాట్లాడాను. ఎవరూ కేకలు వేయలేదు. "మీకు ఆడపిల్లలు ఎంతమంది?" అని అడిగారు. "ఇద్దరండి" అన్నాను. "బదిలీల సీజను వస్తోంది. పిల్లల చదువులు చూసుకోండి" అన్నారు. ఆ సాయంత్రం నోటు తీసేసి, "రిజిస్టర్లు పరిశీలించడమైనది, సరిగా ఉన్నవి" అని వేరే కాగితం పెట్టి సంతకం చేశాను.

ఆ అధికారిని గాని ఆ డీలర్లను గాని దూషించడానికి ఇది రాయడం లేదు. వాళ్లలో కొందరు ఇప్పుడు లేరు. ఆ సంతకం నాది, అందుకే రాస్తున్నాను.

ఒక స్టాంపు

1994లో మా ఆఫీసు ఎదుట వేపచెట్టు కింద ఒక ముసలావిడ ఇడ్లీలు అమ్మేది. పేరు ఎవరికీ తెలియదు, అందరూ మామ్మగారనే పిలిచేవాళ్లం. వత్తుల స్టవ్వు, ఒక ఇడ్లీ పాత్ర, కొబ్బరి చట్నీ. మా సెక్షనంతటికీ పొద్దుటి ఫలహారం అక్కడే.

ఆవిడ కొడుకు ఉమ్మడి కార్డు మీద గ్యాస్ కనెక్షను తీసుకుని, ఉద్యోగం హైదరాబాదులో దొరికితే భార్యాపిల్లలతో వెళ్లిపోయాడు. సిలిండరూ స్టవ్వూ వెంట తీసుకుపోయాడు. గ్యాస్ ఏజెన్సీ జాబితా మా దగ్గరకు వచ్చింది. జాబితాలో ఉన్న కార్డులన్నిటి మీదా "గ్యాస్ కలదు" అని స్టాంపు వేశాను. ఆవిడ కార్డు మీద కూడా. ఆ నెల నుంచి ఆవిడ కిరసనాయిలు కోటా ఆగిపోయింది.

ఆవిడ కార్డు పట్టుకుని నా బల్ల దగ్గరకు వచ్చింది. "బాబుగారూ, బండ ఆడట్టుకెళ్లిపోయేడండి. ముద్ర మాత్రం నాకొదిలేసేడండి" అంది. ఆ మాట నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. నేను రూలు చెప్పాను. కనెక్షను బదిలీ అయినట్టు ఏజెన్సీ నుంచి సర్టిఫికెట్ తేవాలి, కార్డులు విడదీయడానికి దరఖాస్తు పెట్టాలి, వి.ఎ.ఓ. విచారణ చేయాలి. నిజానికి ఇంటి వంటకిచ్చిన నూనెతో ఇడ్లీలు వండి అమ్మడమే ఉత్తర్వు ప్రకారం తప్పు. ఆ ఉత్తర్వు బీరువాలో పెట్టుకుని ఆ ఇడ్లీలు తిన్నవాళ్లం మేము.

సర్టిఫికెట్ వచ్చేసరికి నాలుగు నెలలు పట్టింది. ఈలోగా ఆవిడ కొబ్బరి మట్టలూ సరుగుడు పుల్లలూ ఏరి తెచ్చి పొయ్యి మీద వండేది. పొగకు కళ్లు నీరు కారేవి. ఆఫీసు ముందు పొగ ఏమిటని ఎవరో అభ్యంతరం చెప్పారు. నేను స్టాంపు కొట్టేసి సంతకం పెట్టిన రోజున కార్డు తీసుకోవడానికి వచ్చింది గాని, అప్పటికే పాత్ర అమ్మేసింది.

వరద రిజిస్టర్లో వందల లీటర్ల దగ్గర కళ్లు మూసుకున్న చెయ్యే, అయిదు లీటర్ల దగ్గర నిబంధన తు.చ. తప్పకుండా అమలు చేసింది. సబ్సిడీల చరిత్ర అంటే నాకు గుర్తొచ్చేది ఈ రెండు కాగితాలే.

కాళ్ల కింద గ్యాసు, కనపడని రాయితీ

ఆ మరుసటి సంవత్సరమే, 1995 జనవరి 8న, కోనసీమలో పాశర్లపూడి దగ్గర గ్యాస్ బావి పేలి మంటలు లేచాయి. రెండు నెలలకు పైగా ఆ మంట ఆరలేదు. రాత్రిళ్లు ఎంతో దూరానికి ఆకాశం ఎర్రగా కనిపించేది. అదే ఊళ్లకు ఆ నెల కూడా మేము కిరసనాయిలు కోటా రాస్తూనే ఉన్నాం. కాళ్ల కింద అంత గ్యాసు ఉండి, గుడ్డి దీపానికి లీటర్ల లెక్క.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. సబ్సిడీ అనగానే మన కళ్ల ముందు తెల్లకార్డు నిలబడుతుంది. కాని చమురు, సహజవాయువు వెతికి తవ్వే కంపెనీలకు కూడా రాయితీలు ఇచ్చారు. ఉత్పత్తి మొదలయ్యాక 7 సంవత్సరాలు లాభాల మీద ఆదాయపు పన్ను మినహాయింపు, తవ్వకానికి తెచ్చుకునే యంత్రాలకు దిగుమతి సుంకం మినహాయింపు. పెట్టుబడి రావాలంటే అవసరమన్నారు, కావచ్చు. అయితే పేదవాడికిచ్చిన నూనె బడ్జెట్లో ఖర్చు కింద కనిపిస్తుంది, పేపర్లో పెద్ద అక్షరాలతో వస్తుంది. వదులుకున్న పన్ను ఖర్చు కింద కనిపించదు. ఇలా వదులుకున్న రాబడి అంతా కలిపి ఎంతో చెప్పే పట్టికను కేంద్రం బడ్జెట్‌తో పాటు ఇవ్వడం మొదలుపెట్టిందే 2006లో. ఇంక్రిమెంటు ఇచ్చినా, రికవరీ ఆపినా ఖజానాకు ఒకటేనని మా అక్కౌంట్స్ మిత్రులు ఒప్పుకుంటారు.

బాండ్లు, బలిదానాలు

2002 ఏప్రిల్ 1న ఆ ఉమ్మడి ఖాతా మూసేశారు. అప్పుడు ప్రధాని వాజ్‌పేయిగారే. ఎద్దుబండి ఫొటో గుర్తొచ్చి మా సెక్షన్లో నవ్వుకున్నాం. ఇక మీదట కిరసనాయిలు, గ్యాస్ సబ్సిడీ నేరుగా బడ్జెట్ నుంచే అన్నారు. కాని ప్రపంచ ధరలు పెరిగేసరికి అమ్మకపు ధర పెంచడానికి ఏ ప్రభుత్వానికీ ధైర్యం చాలలేదు. కంపెనీలు తక్కువకు అమ్మాయి. 2005 నుంచి కొన్నేళ్లు ఆ తేడాకు నగదు బదులు ఆయిల్ బాండ్లు ఇచ్చారు. అంటే మన ఇంటి గ్యాసుకు మన మనవలు అప్పు కట్టడం.

ఒక్క 2012-13లోనే రావలసిన ధరకూ అమ్మిన ధరకూ తేడా 1 లక్షా 61 వేల కోట్ల రూపాయలు. అందులో సగానికి పైగా, సుమారు 92 వేల కోట్లు, డీజిలుదే. డీజిల్లో రైతు ఇంజనూ ఉంది, బస్సూ ఉంది, పెద్ద కార్లూ ఉన్నాయి. ఎవరికెంత దక్కిందో విడదీసే కార్డు అక్కడ లేదు.

ఇక కిరసనాయిలు సంగతి. జాతీయ అనువర్తిత ఆర్థిక పరిశోధన మండలివారు 2005లో లెక్క తీసి, దేశంలో రేషన్ కిరసనాయిలులో మూడో వంతుకు మించి దారి మళ్లుతోందని తేల్చారు. చదివి నాకేమీ ఆశ్చర్యం కలగలేదు.

అదే సంవత్సరం నవంబరులో ఉత్తరప్రదేశ్‌లోని లఖింపూర్ ఖేరీలో ఇండియన్ ఆయిల్ యువ అధికారి మంజునాథ్‌ను చంపేశారు. కల్తీ చేసిన బంకుకు సీలు వేయడం ఆయన చేసిన నేరం. 2011 జనవరి 25న మహారాష్ట్రలో మన్మాడ్ దగ్గర అదనపు కలెక్టర్ యశ్వంత్ సోనావణే, ట్యాంకర్ల నుంచి నూనె దొంగిలిస్తున్న చోట ఆగి నిలదీశారు. ఆయన మీద కిరసనాయిలు పోసి తగలబెట్టారు. మరునాడు రిపబ్లిక్ దినోత్సవం. జెండా వందనం నుంచి వచ్చి టీవీ పెడితే ఆ వార్త. మా ఆవిడ కాఫీ తెచ్చి పక్కన పెట్టి, "ఏమండీ, మీకు అప్పుడు నోటు తీసేయమని చెప్పింది నేనే కదా" అంది. నిజమే. ఆ రాత్రి పిల్లల పేరు చెప్పి బతిమాలింది తనే. ఇద్దరం ఆ కాఫీ తాగలేదు.

సరుకు పోయి సొమ్ము వచ్చె

మూడో మనిషిని తొలగించాలంటే రెండు ధరలు లేకుండా చేయాలి. అందరికీ ఒకే ధరకు అమ్మి, తేడా సొమ్ము మనిషికే ఇవ్వాలి. 2013 జూన్‌లో వంటగ్యాసుకు ఈ పద్ధతి దేశంలో మొదలుపెట్టిన కొద్ది జిల్లాల్లో మన తూర్పు గోదావరి ఒకటి. ఆధార్, బ్యాంకు ఖాతా, గ్యాస్ పుస్తకం మూడూ కలపాలి. ఏజెన్సీ దగ్గర వరసలు చూస్తే కిరసనాయిలు రోజు గుర్తొచ్చింది, డబ్బాలకు బదులు జిరాక్సు కాగితాలు. 2014 మొదట్లో ఆ పథకం ఆపారు. ఆ నవంబరులో మార్పులు చేసి మళ్లీ మొదలుపెట్టి, 2015 జనవరికి దేశమంతా అమలు చేశారు.

2015 మార్చిలో, స్తోమత ఉన్నవారు గ్యాస్ సబ్సిడీ వదులుకోండని ప్రధాని మోదీగారు పిలుపునిచ్చారు. మన సంఘంలో దీనిమీద ఎంత చర్చ జరిగిందో మీకు గుర్తుండే ఉంటుంది. "డి.ఎ. బకాయిలు వాళ్లు ఇవ్వరు, సబ్సిడీ మాత్రం మనం వదులుకోవాలా?" అని ఒక మిత్రుడు లేచి అడిగితే చప్పట్లు మోగాయి. నేనూ కొట్టాను. ఇంటికి వెళ్లి మాత్రం వదులుకున్నాను. మామ్మగారి నాలుగు నెలల కోటాకు అది నా బాకీ అనుకున్నాను. దేశంలో కోటి మందికి పైగా వదులుకున్నారు. తీరా 2020 మే నుంచి మామూలు వినియోగదారులకు సబ్సిడీ జమ కావడమే దాదాపు ఆగిపోయింది. వదులుకున్నవాడూ వదులుకోనివాడూ ఒకటయ్యారు. మిత్రుడు ఫోను చేసి, "మీది త్యాగం, మాది కోత. అంతే తేడా" అన్నాడు.

కిరసనాయిలు ధరను 2016 నుంచి పావలా పావలా చొప్పున పెంచుతూ, 2020 నాటికి కేంద్రం సబ్సిడీ సున్నా చేసింది. ఒక పెద్ద ధర్నా లేదు, ఎద్దుబండి లేదు. కరెంటు వచ్చింది. 2011 జనాభా లెక్కల్లోనే మన ఉమ్మడి రాష్ట్రంలో 92 శాతం ఇళ్లలో కరెంటు దీపాలు ఉన్నట్టు తేలింది. గ్యాసు వచ్చింది. 1999లో మన రాష్ట్రంలో దీపం పథకం, 2016లో కేంద్రం ఉజ్వల పథకం పేద మహిళలకు కనెక్షన్లు ఇచ్చాయి. 2019 సెప్టెంబరుకు ఉజ్వల కనెక్షన్లు 8 కోట్లు అయ్యాయి. మంచి పని. అయితే కనెక్షను ఇచ్చాక బండ నింపుకునే డబ్బు లేక దాన్ని మూలన పెట్టిన ఇళ్లు దీపం రోజుల్లో నేనే ఎన్నో చూశాను.

ఇచ్చే చెయ్యి ఇలా ఉంటే, పుచ్చుకునే చెయ్యి సంగతి కూడా రాయాలి. 2014లో డీజిలు మీద కేంద్ర ఎక్సైజు సుంకం లీటరుకు 3 రూపాయల 56 పైసలు. 2020 మే నాటికి 31 రూపాయల 83 పైసలు. తర్వాత 2021లో, 2022లో కొంత తగ్గించారు. దీనికి రాష్ట్రాల వ్యాట్ అదనం. ఒకప్పుడు పెట్రోలు అన్న డబ్బుతో కిరసనాయిలు తమ్ముడు బతికాడు. ఇప్పుడు అన్నదమ్ములిద్దరి సంపాదనా ఖజానాకే వెళుతున్నది.

చివరగా ఒక విన్నపం

ఇప్పుడు ఉజ్వల లబ్ధిదారులకు కేంద్రం 2023 అక్టోబరు నుంచి సిలిండరుకు 300 రూపాయల సబ్సిడీ ప్రకటించింది. తెలంగాణలో 2024 ఫిబ్రవరిలో అర్హులకు 500 రూపాయలకే సిలిండరు పథకం పెట్టారు. మన దగ్గర 2024 నవంబరులో దీపం రెండో విడత కింద ఏడాదికి మూడు ఉచిత సిలిండర్లన్నారు. ముందు డబ్బు కట్టి తెచ్చుకుంటే తర్వాత ఖాతాలో పడుతుంది. మన ఇళ్లకైతే 2024లో వచ్చిన సూర్యఘర్ పథకం ఉంది. డాబా మీద 3 కిలోవాట్ల సౌర ఫలకాలకు 78,000 రూపాయల సబ్సిడీ. మా అల్లుడు పెట్టించమంటున్నాడు, పెట్టిస్తాను. కాని డాబా ఉన్నవాడికే ఆ రాయితీ. అద్దె గదిలో ఉండేవాడికి ఎండ మాత్రమే.

సబ్సిడీలు మంచివా చెడ్డవా అని వాదించుకోవడం పెద్దవాళ్ల పని. నా అనుభవంలో తేలింది ఇది: సరుకు చవకగా ఇస్తే పైనున్నవాడు దారి మళ్లిస్తాడు. సొమ్ము ఖాతాలో వేస్తే కాగితం లేనివాడు బయట మిగిలిపోతాడు. మొదటి నష్టం రిజిస్టర్లో దొరుకుతుంది. రెండోది ఏ రిజిస్టర్లోనూ దొరకదు, ఎందుకంటే రానివాడి పేరు అక్కడ ఉండదు. ఆవిడ బల్ల దాకా వచ్చింది కనుక నాకు తెలిసింది. రానివాళ్లు ఎందరో.

గ్యాస్ ఏజెన్సీల దగ్గర ఇప్పుడు ఈ-కేవైసీ అడుగుతున్నారు. వేలిముద్ర పడకపోతే ఏమవుతుందో మనకంటే ఎవరికి బాగా తెలుసు? లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి వెళ్లినప్పుడల్లా అరిగిన వేళ్లను రుద్దుకుంటూ కూర్చునేవాళ్లమే కదా మనం. మన వీధిలో పనిమనిషికి, ఇస్త్రీ పెట్టే ఆయనకు, ఒంటరి ముసలమ్మకు ఎక్కడ సంతకం పెట్టాలో, ఏ పేరు ఏ కాగితంలో తప్పుందో చెప్పేవాళ్లు లేరు. మనం గుమాస్తాలం. ఫారాలు నింపడం, పేర్లు సరిచేయడం, పైవాళ్లకు గుర్తుచేస్తూ ఉత్తరాలు రాయడం మనకు వచ్చిన విద్య. సంఘం ఆఫీసులో వారానికి ఒకరోజు, ప్రతి బుధవారం ఉదయం, నేను ఒక బల్ల వేసుకుని కూర్చుంటానని కార్యదర్శిగారికి చెప్పాను. ఆయన ఒప్పుకున్నారు. ఓపిక ఉన్న మిత్రులు ఒకరిద్దరు తోడు వస్తే బాగుంటుంది.

ఈసారి ఎవరి కాగితమైనా నాలుగు నెలలు ఆగకుండా చూద్దాం. సెలవు.